మొక్క కొనేముందు వేరు చూడండి: తెగుళ్లు లేని అంట్లు, నారు కోసం ఎవరిని అడగాలి, ఏం అడగాలి

మూడేళ్ల కిందట యాచారం అవతల మాకున్న ఎకరంలో తైవాన్ పింక్ జామ పెట్టాం. 540 మొక్కలు, ఒక్కోటి 45 రూపాయలు, డీసీఎం కిరాయి వేరే. మొక్కలు దిగిన రోజు చూడాలి, ఆకు నిగనిగలాడుతోంది, రెండడుగుల ఎత్తు, కొన్నింటికి అప్పుడే పూత కూడా ఉంది, అది చూసి మా మామయ్య "ఇంక వచ్చే ఏడాదికి కాయ తినుడే" అన్నారు. ఏడాదిన్నర తిరక్కముందే ఆకుల అంచులు ఎర్రబడటం మొదలైంది. నీళ్లు చాలట్లేదేమో అని డ్రిప్ టైమ్ పెంచాం, జింక్ లోపం అని ఒకరంటే అదీ పిచికారీ చేశాం, ఎరువుల షాపాయన ఏదో గుళికలు ఇస్తే అవీ వేశాం. చివరికి ఎండిపోయిన చెట్టునొకదాన్ని పీకి, వేరు మట్టంతా బకెట్ నీళ్లలో కడిగి చూస్తే అది వేరులా లేదు, పసుపు కొమ్ములా ఉంది. బుడిపెలు, బుడిపెల మీద బుడిపెలు.

వేరుబుడిపె నులిపురుగు, నేలలో ఉండి వేళ్లలోకి దూరే, కంటికి కనపడని సన్నటి పురుగు. అందరూ నెమటోడ్ అంటున్నది ఇదే. మా నేలలోనే ఉందేమో అనుకున్నాం కానీ, గట్టు మీద నాటకుండా మిగిలిపోయిన పాతిక మొక్కలు ఇంకా సంచుల్లోనే ఉన్నాయి, వాటిలో ఒకదాని సంచి చింపి చూస్తే దాని వేళ్లకూ అవే బుడిపెలు. అంటే జబ్బు డీసీఎంలో మొక్కలతోపాటే వచ్చింది. డబ్బులిచ్చి, కిరాయి కట్టి మరీ తెచ్చుకున్నాం. నర్సరీకి ఫోన్ చేస్తే "మా దగ్గర ఉన్నప్పుడు మంచిగనే ఉండె కద సార్" అన్నాడు. బిల్లు లేదు. ఆ నర్సరీకి లైసెన్స్ ఉందో లేదో అప్పుడు అడగాలని కూడా మాకు తట్టలేదు.

ఆ తర్వాత తిరిగిన ఆఫీసులు, కలిసిన ఆఫీసర్లు, చదివిన స్కీముల కాగితాలు, అన్నీ కలిపి ఇది రాస్తున్నా. ఎల్‌బీనగర్‌లో ఉంటూ శని, ఆదివారాలు పొలానికి పరిగెత్తే నాలాంటి వాళ్లు హైదరాబాద్ చుట్టూ చాలామంది ఉన్నారు, చేవెళ్ల వైపు, షాద్‌నగర్ వైపు, చౌటుప్పల్ వైపు. వాళ్లకు పనికొస్తుంది. అచ్చంగా వ్యవసాయం చేసుకునే వాళ్లకు ఇందులో సగం తెలిసే ఉంటుంది.

పచ్చగా ఉన్న మొక్కలన్నీ మంచివి కావు

ముందు ఈ ఒక్క విషయం బుర్రకెక్కించుకుంటే మిగతాదంతా తేలిక. ఆకు మీద మచ్చ వచ్చిందంటే మందు కొడతాం, తగ్గుతుంది. వైరస్‌కు అలాంటి మందు లేదు. మొక్కలోకి ఒకసారి వైరస్ చేరిందంటే ఆ మొక్క ఉన్నంతకాలం ఉంటుంది, పైగా ఆ మొక్క నుంచి ఎన్ని కొమ్మలు కోసి ఎన్ని అంట్లు కడితే అన్నింటిలోకీ పోతుంది. పండ్ల మొక్కలు గింజతో కాకుండా అంట్లతో, పిలకలతో పెరిగేవి కాబట్టి, ఒక్క తల్లిచెట్టుకు జబ్బుంటే వేల మొక్కలకు, వందల తోటలకు చేరుతుంది. నల్గొండ వైపు బత్తాయి రైతుల్ని కదిలించండి, పదేళ్లు కూడా నిండకుండా ఎండిపోయిన తోటల గురించి చెబుతారు. కారణాలు చాలా ఉంటాయి, నీళ్లు, నేల, బంక తెగులు, అన్నీ. కానీ నిమ్మజాతిని పట్టే ట్రిస్టెజా వైరస్, గ్రీనింగ్ తెగులు లాంటివి అంటు కొమ్మతోనే వచ్చేస్తాయి, మొదటి రెండు మూడేళ్లు ఏమీ తెలియదు.

తెగులు లేని మొక్కను ఎలా తయారుచేస్తారంటే, మంచి రకం చెట్టును ఎంచి ల్యాబ్‌లో పరీక్ష చేస్తారు. ఎలిసా, పీసీఆర్ అని కరోనా టైమ్‌లో మనమంతా విన్న పేర్లే, అవే పరీక్షలు మొక్కలకూ ఉన్నాయి. వైరస్ ఉందని తేలితే మొక్కను కొన్నాళ్లు వేడిలో ఉంచి, ఆ తర్వాత చిగురు కొసన ఉండే కణజాలాన్ని, మిల్లీమీటరు కంటే చిన్న ముక్కను, మైక్రోస్కోపు కింద కోసి పెంచుతారు. చిగురు చివరి కొసకు వైరస్ సాధారణంగా అందుకోలేదు, అదీ కిటుకు. నిమ్మ జాతిలో ఆ చిన్న కొసనే ల్యాబ్‌లో పెంచిన లేత మొక్కకు అంటుకడతారు. అలా వచ్చిన దాన్ని మళ్లీ పరీక్షించి, పురుగు దూరని వలలో తల్లిమొక్కగా పెట్టుకుంటారు, నర్సరీకి కొమ్మలు అక్కడి నుంచి వెళ్తాయి. ఇదంతా నెలల్లో అయ్యే పని కాదు.

ఇంకో మాట, శుద్ధమైన మొక్క తెచ్చినా మన తోటలో వైరస్‌ను మోసే తెల్లదోమ, పేనుబంక లాంటివి ఉంటే జబ్బు కొత్తగా అంటుకుంటుంది. తెగులు లేని మొక్క అంటే తెగులు రాని మొక్క అని కాదు. కొన్ని నర్సరీల బోర్డుల మీద వైరస్ ఫ్రీ అని రాసుకుంటారు చూడండి, దేనికి పరీక్ష చేయించారు, ఎక్కడ చేయించారు అని అడగండి, చాలాచోట్ల నవ్వే సమాధానం.

ఢిల్లీ స్కీము, దాంతో ఇవాళ మనకెంత పని

2023 ఫిబ్రవరి బడ్జెట్లో ఆత్మనిర్భర్ క్లీన్ ప్లాంట్ ప్రోగ్రామ్ అని నిర్మలా సీతారామన్ ప్రకటించారు. 2024 ఆగస్టు 9న కేంద్ర కేబినెట్ 1,765.67 కోట్ల రూపాయలతో ఆమోదం ఇచ్చింది. జాతీయ ఉద్యాన బోర్డు, ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) కలిసి నడుపుతున్నాయి, ఆసియా అభివృద్ధి బ్యాంకు 9.8 కోట్ల డాలర్ల లోన్ ఇస్తోంది. దేశంలో తొమ్మిది క్లీన్ ప్లాంట్ సెంటర్లు పెడతారు. మన పంటల లెక్కన చూస్తే మామిడి, జామకు బెంగళూరు, బత్తాయి, నిమ్మకు నాగపూర్, ద్రాక్షకు పుణె, దానిమ్మకు షోలాపూర్. తల్లిమొక్కలు శుద్ధి చేసేది అక్కడ, పెంచేది నర్సరీలు, చివరికి రైతుకు సర్టిఫికెట్ ఉన్న మొక్క రావాలని ఆలోచన.

మంచి స్కీమే, ఎప్పుడో రావాల్సింది. కానీ వచ్చే జూన్‌లో నాటుకునే మీకు ఆ మొక్క అందుతుందని లెక్కలు వేసుకుని కూర్చోకండి. తల్లిమొక్కలు శుద్ధి కావాలి, నర్సరీల్లో పెరగాలి, అంట్లు కట్టాలి. "క్లీన్ ప్లాంట్ స్కీము మొక్కలు మా దగ్గర ఉన్నయి" అని ఎవరైనా ఎక్కువ రేటు చెబితే, ఏ సెంటర్ నుంచి తల్లిమొక్క తెచ్చారో కాగితం చూపించమనండి. ఇవాళ మనకు ఉపయోగపడేది పాత స్కీమే, సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్. ఎంఐడీహెచ్ అంటారు ఆఫీసుల్లో. ఖర్చులో కేంద్రానిది 60, రాష్ట్రానిది 40 శాతం. దాని సంగతి కింద చెబుతా, ముందు మొక్క.

ఎక్కడ దొరుకుతాయి

మొదటి మెట్టు మీ మండలాన్ని చూసే ఉద్యాన అధికారి. ఒక్కో అధికారికి రెండు మూడు మండలాలు ఉంటాయి, పొద్దున తొమ్మిదిన్నరకు ఫోన్ చేస్తే దొరుకుతారు, పదకొండు దాటితే ఏదో తోటలోనో మీటింగ్‌లోనో ఉంటారు. ఎవరో తెలియకపోతే మీ ఊరి వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి, లేదంటే కలెక్టరేట్‌లో జిల్లా ఉద్యాన శాఖ ఆఫీసు ఉంటుంది. రాష్ట్ర ఆఫీసు నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో. నేనైతే ముందు అక్కడికే పోయాను, పార్కింగ్‌కే అరగంట పట్టింది, వాళ్లు మర్యాదగానే మాట్లాడి "మీ మండలం ఆఫీసర్‌ను కలవండి" అని పంపించారు. కాబట్టి మీరు నేరుగా మండలానికే పోండి.

సర్కారు దగ్గరే మొక్కలు పెంచే చోట్లు మనకు దగ్గర్లోనే ఉన్నాయి. సంగారెడ్డిలో పండ్ల పరిశోధన స్థానం ఉంది, మామిడికి పాత పేరు. సిద్దిపేట జిల్లా ములుగులో కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం, అక్కడే ఉద్యాన శాఖ వాళ్ల సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ కూడా. సమ్మక్క సారలమ్మ ములుగు వేరే, పొరపాటున అటు బండెక్కకండి, ఇది గజ్వేల్ దారిలో ఉన్న ములుగు. కూరగాయల ప్రోట్రే నారు, అంటే గళ్ల ప్లాస్టిక్ ట్రేల్లో పెంచిన నారు కావాలంటే జీడిమెట్లలో ఇంకో సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ ఉంది, సిటీ లోపలే. బత్తాయికి కొండమల్లేపల్లిలో ఉద్యాన పరిశోధన స్థానం, లేదంటే తిరుపతిలోని నిమ్మజాతి పరిశోధన స్థానం. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన స్థానం, ఇంకా జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఉన్నాయి. ఈ రెండోది మొక్కలు అమ్మేది కాదు, తెగుళ్లు, పురుగుల మీద ట్రైనింగులు ఇచ్చే కేంద్ర సంస్థ.

ఈ చోట్లన్నింటితో చిక్కు ఒకటే. మొక్కలు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. జూన్‌లో వాన పడ్డాక ఫోన్ చేస్తే అయిపోయాయంటారు. జనవరి, ఫిబ్రవరిలోనే పోయి ఏ రకం, ఎన్ని కావాలో చెప్పి పేరు రాయించుకోవాలి, అడ్వాన్స్ కట్టమంటే కట్టి రసీదు తీసుకోవాలి. అక్కడ దొరక్కపోతేనే ప్రైవేటు నర్సరీ. నెక్లెస్ రోడ్డులో నర్సరీ మేళా పెట్టినప్పుడు కొనేవి బాల్కనీ కుండీలకు బాగుంటాయి, ఎకరం తోటకు అక్కడ ఆర్డర్ ఇవ్వకండి, ఆ స్టాల్ వెనక నర్సరీ ఎలా ఉందో మీకు కనపడదు కదా.

నర్సరీకి పోయినప్పుడు

నేను ఎక్కువ నష్టపోయింది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా.

కచ్చితంగా మీరే స్వయంగా పోవాలి. వాట్సాప్‌లో వీడియో చూసి, ఆన్‌లైన్‌లో డబ్బులేసి, డీసీఎంలో తెప్పించుకోవడం చాలా మామూలైపోయింది, నేనూ అదే చేశాను. నర్సరీలకు పేరున్న కడియం అయినా, సిటీ శివార్లలోని నర్సరీ అయినా ఒక రోజు పెట్టుకుని పోండి. పోగానే మొక్కల వైపు కాకుండా కింద నేల వైపు చూడండి. సంచులు మట్టినేల మీదే పెట్టారా, లేక షీటో, కంకరో, బల్లో ఏదైనా ఉందా. మట్టి మీద నెలల తరబడి ఉన్న సంచిలోంచి వేరు అడుగు చిల్లుల గుండా నేలలోకి పోతుంది, నేలలో ఉన్న నులిపురుగు, కుళ్లు తెగులు ఆ వేరు పట్టుకుని సంచిలోకి వస్తాయి. సంచి లేపుతుంటే కింద వేరు తెగిన చప్పుడు వచ్చిందంటే అది అక్కడ పాతుకుపోయిన మొక్క. మా మొక్కలు దించుతుంటే కూలీ ఆమె "అడుగు వేర్లు తెంపుకొచ్చిన్రు సార్" అని చూపించింది కూడా, నేను పట్టించుకోలేదు.

సంచి మట్టి గురించి కూడా అడగండి. చెరువు మట్టి, పాత తోట మట్టి నేరుగా నింపితే ఇబ్బందే. ఎండబెట్టి, వేపపిండి, ట్రైకోడెర్మా (కుళ్లు తెగుళ్లను అడ్డుకునే మేలుచేసే శిలీంధ్రం) కలిపామంటే కొంత నయం.

తర్వాత కాగితాలు. 2010లో ఉమ్మడి రాష్ట్రంలో నర్సరీల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది, తెలంగాణలోనూ అదే నడుస్తోంది. పండ్ల మొక్కలో కూరగాయల నారో అమ్మే నర్సరీ ఉద్యాన శాఖ దగ్గర రిజిస్టర్ కావాలి. ఆ లైసెన్స్ గోడకు ఉండాలి, గోడకు లేకపోయినా ఫైల్లో ఉండాలి, తేదీ దాటిపోకూడదు. ఇది కాక జాతీయ ఉద్యాన బోర్డు పండ్ల నర్సరీలను పరిశీలించి గుర్తింపు, స్టార్ రేటింగ్ ఇస్తుంది. సబ్సిడీలో మొక్క కొనాలంటే ఈ గుర్తింపు ఉన్న నర్సరీలే లెక్కలోకి వస్తాయి కాబట్టి రైతు ముందే అడగాలి. ఏ నర్సరీకి గుర్తింపు ఉందో బోర్డు వెబ్‌సైట్‌లోనూ చూసుకోవచ్చు.

ఆ తర్వాత అడగాల్సిన ఒకే ఒక్క ప్రశ్న, "అన్నా, మీ తల్లిచెట్లు ఒకసారి చూపిస్తరా?" మంచి నర్సరీవాడు సంతోషంగా తీసుకుపోయి చూపిస్తాడు, ఈ చెట్టు ఫలానా చోటు నుంచి తెచ్చాం, ఇన్నేళ్లయింది, ఇంత కాపు అని చెబుతాడు. "అవి వేరే ఊర్లో ఉన్నయి", "కొమ్మలు బయట నుంచి తెప్పిస్తం" అన్నాడంటే, ఆ కొమ్మలు ఏ రైతు తోటలోవో వాడికే తెలియదని అర్థం. మొక్క ఎంత అందంగా ఉన్నా నేనైతే అక్కడి నుంచి వెనక్కే.

చివరిది, సంచి చింపడం. ఆర్డర్ ఇచ్చే ముందు నాలుగైదు మొక్కలకు డబ్బులిచ్చి వాటి సంచి చింపండి. "సార్, మొక్క ఖరాబైతది" అంటాడు, ఆ నాలుగు మొక్కల ఖరీదు మీరు కడుతున్నారు కాబట్టి ఖరాబు కానివ్వండి. ముందు వరుసలోవి కాకుండా మూల నుంచి ఒకటి, మధ్యలోంచి ఒకటి తీయండి. మట్టి నీళ్లలో కడిగితే వేళ్లు తెల్లగా, లేత గోధుమ రంగులో, సన్నటి పీచులా ఉండాలి. పూసలు గుచ్చినట్టు బుడిపెలుంటే నులిపురుగు. నల్లగా మెత్తబడి, పట్టి లాగితే పైతొక్క ఊడి లోపలి దారం మిగిలితే వేరుకుళ్లు. సంచి అడుగున వేరు చుట్టలు చుట్టుకుని బుట్టలా ఉంటే అది ముదిరిన మొక్క, రెండేళ్లుగా అమ్ముడుపోనిది, నాటినా ఎదగదు. ఒక్కదాని వేరు మీద బుడిపె కనిపించినా మొత్తం లాట్ వద్దనండి, బేరం పెట్టకండి. పది రూపాయలు తగ్గిస్తానంటాడు చూడండి, అక్కడ మనసు జారుతుంది.

బిల్లు మాత్రం తప్పదు. దాని మీద రకం పేరు, ఎన్ని మొక్కలు, లైసెన్స్ నంబరు, తేదీ ఉండాలి.

పంటను బట్టి చూసుకోవాల్సినవి

బత్తాయి, నిమ్మ: బత్తాయి కన్నుఅంటు కట్టిన మొక్క. ఏ వేరుమూలం మీద, అంటే వేళ్లిచ్చే ఏ కింది మొక్క మీద కట్టారో అడగండి, మన దగ్గర సాత్‌గుడి బత్తాయికి రంగపూర్ నిమ్మ ఎక్కువగా సిఫారసు చేస్తారు, జంభేరి మీద కట్టినవీ అమ్ముతుంటారు. అంటు కట్టిన చోటు నేల నుంచి కనీసం జానెడు పైకి ఉండాలి. మరీ కిందికి కట్టారంటే మట్టి, నీళ్లు తగిలి బంక తెగులు వస్తుంది. నాటేటప్పుడు కూడా ఆ అతుకు మట్టిలో పూడ్చకూడదు, చాలామంది మొక్క గట్టిగా నిలబడాలని పూడ్చేస్తారు. ఆకుల మీద గజ్జి మచ్చలు, గరుకుగా చుట్టూ పసుపు వలయంతో ఉండేవి, ఒక్కటి కనిపించినా ఆ మొక్క పక్కన పెట్టండి. ఆరు మీటర్ల దూరంలో ఎకరానికి 110 మొక్కలే పడతాయి, మొక్కకు ఇరవై రూపాయలు ఎక్కువ పెట్టినా 2,200 రూపాయల తేడా. తోట ఇరవై ఏళ్లు ఉంచుకునేది, ఆ 2,200 దగ్గర పిసినారితనం ఎందుకు?

అరటి: ఇందులో మాత్రం పద్ధతి కుదురుకుంది. టిష్యూకల్చర్ మొక్కలకు, అంటే ల్యాబ్‌లో కణజాలం నుంచి పెంచిన వాటికి, కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2006 నుంచి ఒక సర్టిఫికేషన్ నడుపుతోంది, ఎన్‌సీఎస్-టీసీపీ అంటారు. గుర్తింపు పొందిన ల్యాబ్‌లో బ్యాచ్ బ్యాచ్‌కు వైరస్ పరీక్ష చేయించి లేబుల్ ఇస్తారు. వెర్రితల (బంచీ టాప్), బ్రాక్ట్ మొజాయిక్, కుకుంబర్ మొజాయిక్, స్ట్రీక్, ఈ నాలుగు వైరస్‌లు అందులో ముఖ్యం. కంపెనీకి గుర్తింపు ఉందంటే సరిపోదు, మీకిచ్చే బ్యాచ్‌కు లేబుల్ ఉందా అని అడగాలి. 1.8 మీటర్ల దూరంలో పెడితే ఎకరానికి దాదాపు 1,240 మొక్కలు, అందులో వెర్రితల ఉన్నవి నాలుగు వచ్చినా పేనుబంక తోటంతా పంచిపెడుతుంది. పక్కతోట నుంచి పిలకలు ఊరికే వస్తాయని తెచ్చుకోవడం మా నాన్నగారి కాలంలో నడిచిందేమో, ఇప్పుడు దాంతో వైరస్, పనామా ఎండు తెగులు రెండూ ఊరికే వస్తాయి.

దానిమ్మకు గాలి అంట్ల కంటే టిష్యూకల్చర్ మొక్కలు నయం, బ్యాక్టీరియా మచ్చ తెగులు అంటుతోనే రావడం పెద్ద సమస్య కాబట్టి. మచ్చ తెగులున్న తోటల మధ్య పెడితే మాత్రం ఏ మొక్కయినా ఒకటే.

మామిడిలో వైరస్ బాధ అంత లేదు, అక్కడ మోసం రకంలో జరుగుతుంది. హిమాయత్ అని అమ్మింది అయిదేళ్ల తర్వాత కాపుకొచ్చాక ఇంకేదో అని తేలితే చేసేదేముంది? అంటు అతుకు నున్నగా కలిసిందా, అతుకు కింద నుంచి చిగుళ్లు వస్తున్నాయా, అంతవరకు చూడండి, రకం కోసం మాత్రం నమ్మకమైన చోటికే పోవాలి.

టమాటా, మిరప నారు అయితే నర్సరీ వలను చూడండి. 40 నుంచి 50 మెష్ నైలాన్ వల ఉండి, రెండు తలుపులుండి, లోపల పసుపు రంగు జిగురు అట్టలు వేలాడుతుంటే వాళ్లకు పని తెలుసు. అట్ట మీద తెల్లదోమలు ఎన్ని అతుక్కున్నాయో చూస్తే లోపలి సంగతి అర్థమైపోతుంది. ఉత్త షేడ్‌నెట్ నీడకే, దోమ అందులోంచి హాయిగా దూరుతుంది, ఆ నారుతో ఆకుముడత వైరస్ మీ మడిలో దిగుతుంది.

సబ్సిడీ ఎలా వస్తుంది

ఎంఐడీహెచ్‌లో కొత్త తోటకు సాయం ఉంది, మొక్కల ఖర్చు, ఎరువులు, సస్యరక్షణ కలిపి లెక్క కట్టి అందులో కొంత శాతం ఇస్తారు. 2014 నాటి మార్గదర్శకాల్లో ఒక్కో రైతుకు గరిష్ఠంగా నాలుగు హెక్టార్లు ఉండేది. అప్పుడు పండ్లతోటలకు మూడేళ్లలో 60, 20, 20 శాతంగా ఇచ్చేవారు, రెండో ఏడు 75 శాతం మొక్కలు, మూడో ఏడు 90 శాతం బతికి ఉంటేనే. 2025లో ఆ మార్గదర్శకాలను సవరించారు, కాబట్టి మీ పంటకు హెక్టారుకు ఎంత, ఎన్ని విడతలు అన్నది ఉద్యాన అధికారి దగ్గర ఈ ఏడాది కాగితం చూసే రాసుకోండి, పక్క రైతు పోయినేడు తీసుకున్న లెక్క పట్టుకుని వాదించొద్దు.

బతికిన మొక్కల లెక్క ఎందుకు చెప్పానంటే, జబ్బు మొక్క పెడితే సబ్సిడీ మిగతా విడతలు కూడా ఆగిపోతాయి. అక్కడ రెండోసారి దెబ్బ.

ముఖ్యమైన విషయం వరుస. ముందు దరఖాస్తు, మంజూరు, ఆ తర్వాతే మొక్కలు కొనడం, నాటడం. నేను ముందు నాటేసి తర్వాత ఆఫీసుకు పోయాను. ఆఫీసర్ గారు కాగితాలు అటూ ఇటూ తిప్పి "ఎక్కడ కొన్నారండీ, బిల్లేదీ?" అన్నారు, అంతే, సంభాషణ అక్కడితో ముగిసింది. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పాసుబుక్ జిరాక్స్, ఫొటోలు, నీటి వసతి వివరం తీసుకుపోండి, మట్టి పరీక్ష రిపోర్టు ఉంటే అదీ. పొలం ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంటే దరఖాస్తు ఆయన పేరు మీదే పెట్టాలి. మంజూరు అయ్యాక నాటితే, అధికారి వచ్చి గుంతలు, మొక్కలు చూసి ఫొటో తీసుకుంటారు. డబ్బు బ్యాంకు ఖాతాలోకే వస్తుంది, కాస్త ఆలస్యంగా వస్తుంది, దాన్ని నమ్ముకుని అప్పు చేయకండి. జిల్లాకు ఏడాదికి ఇన్ని ఎకరాలని టార్గెట్ ఉంటుంది కాబట్టి ఏప్రిల్‌లో అడిగినవాళ్లకు దొరికినంత తేలిగ్గా సెప్టెంబరులో దొరకదు.

మొక్కలు కొనడం కాకుండా తామే నర్సరీ పెట్టాలనుకునే వాళ్లకూ సాయం ఉంది. 2014 లెక్కల్లో చిన్న నర్సరీకి హెక్టారుకు 15 లక్షల ఖర్చు కట్టి ప్రైవేటు వాళ్లకు 50 శాతం, నాలుగు హెక్టార్ల దాకా ఉండే హైటెక్ నర్సరీకి హెక్టారుకు 25 లక్షలు కట్టి 40 శాతం, అదీ బ్యాంకు లోనుతో ముడిపెట్టి ఇచ్చేవారు. క్లీన్ ప్లాంట్ స్కీములో పెద్ద నర్సరీలకు 3 కోట్లు, మధ్య రకం వాటికి కోటిన్నర దాకా సాయం ఉంటుందని వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ 2025లో చెప్పారు. నాకు నర్సరీ అనుభవం లేదు కాబట్టి ఇంతకంటే చెప్పను.

మొక్కలు ఇంటికొచ్చాక, తేడా వస్తే

వచ్చిన రోజే నాటేయకండి. పొలానికి దూరంగా, బోరు దగ్గరో చెట్టు నీడనో షీటు పరిచి పది, పదిహేను రోజులు ఉంచండి. ఎండ, నీళ్లు అలవాటు పడతాయి, పురుగో మచ్చో ఉంటే బయటపడుతుంది. ఆ మొక్కలకు పోసిన నీళ్లు పొలంలోకి పారకుండా చూసుకోండి. నులిపురుగు ఒకసారి నేలలో దిగిందంటే పూర్తిగా పోదు, నాకు తెలుసు. వేపపిండి వేశాం, బంతి పెట్టాం, ఖరీదైన మందు డ్రిప్‌లో వదిలాం, తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది.

మొక్కలు చచ్చిపోతే పీకి పారేయడానికి తొందరపడకండి. ముందు ఫొటోలు, వేళ్లతో సహా. ఉద్యాన అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, తోటకు రప్పించి, రిపోర్టు రాయించుకోవాలి. నర్సరీకి లైసెన్స్ ఇచ్చింది ఆ శాఖే కాబట్టి ఆపే అధికారమూ దానిదే. పట్టించుకోకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలో అర్జీ పెట్టండి. నష్టపరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. విత్తనాల విషయంలో రైతు కూడా వినియోగదారుడేనని జాతీయ విత్తన సంస్థ కేసులో 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. కొన్న సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. బిల్లు లేకుండా పోతే మాత్రం నాలాగే తిరిగొస్తారు.

మేం జామ మొత్తం తీసేసి ఆ ఎకరాన్ని ఒక ఏడాది జొన్న, బంతి వేసి ఉంచాం. పోయిన జూన్‌లో అందులో సగానికి మామిడి పెట్టాం, ఫిబ్రవరిలోనే పేరు రాయించి. మొక్కలు తెచ్చుకునే రోజు ఒక బకెట్, ఒక బ్లేడు, నాలుగు లీటర్ల నీళ్లు కారు డిక్కీలో పెట్టుకుని పోయాను. ఆరు సంచులు చింపాను. అయిదు బాగున్నాయి, ఒకదాని వేరు అడుగున చుట్ట చుట్టుకుని ఉంది. అది ఏ వరుసలోదో చూసి ఆ వరుస మొత్తం వదిలేసి పక్క వరుస నుంచి ఎత్తించాను. అక్కడ పనిచేసే పెద్దాయన నా వంక చూసి "ఇంతకుముందు ఏడనో దెబ్బ తిన్నట్టున్నవ్ బిడ్డా" అన్నాడు.